ఆదివారం క్రిప్టిక్ క్రాస్‌వర్డ్: ఎవ్రీమ్యానా, సండే టైమ్సా, ఏజెడ్డా, మన గళ్ళ నుడికట్టా?

ముందే చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. క్రిప్టిక్, అంటే క్లూలోనే అక్షరాల ఆట దాచే ఇంగ్లిష్ క్రాస్‌వర్డ్, కొత్తగా మొదలుపెడుతున్నవాళ్ళు లండన్ ‘అబ్జర్వర్’లో వచ్చే ఎవ్రీమ్యాన్ పట్టుకోండి. డైలీ పేపర్లో వచ్చే క్రిప్టిక్‌ని ఇప్పటికే సగానికి పైగా నింపగలుగుతున్నవాళ్ళు బ్రిటన్ పత్రిక సండే టైమ్స్ పజిల్ వైపు వెళ్ళొచ్చు. ఒక్క మాట కోసం పావుగంట డిక్షనరీ తిరగేయడం శిక్షలా కాకుండా సరదాగా అనిపించేవాళ్ళకి ఏజెడ్, మెఫిస్టో అనే గడ్డు పజిళ్ళు. తెలుగు గళ్ళు ఇష్టమైనవాళ్ళకి మన ఆదివారం అనుబంధాలు ఉండనే ఉన్నాయి గానీ వాటి లెక్క వేరు, దాని గురించి కింద కాస్త వివరంగా రాస్తాను. ఇదంతా ఎందుకంటే, సండే క్రాస్‌వర్డ్ చేద్దామనుకునేవాళ్ళలో చాలామంది ఎవరో గొప్పగా చెప్పారని అన్నిటికన్నా కష్టమైనదాన్ని ఎత్తుకుంటారు, రెండు వారాలు తల పట్టుకుంటారు, ఆ తర్వాత ఇది ఇంగ్లిష్‌వాళ్ళకే గానీ మనకి కాదులే అని పక్కన పడేస్తారు. వాళ్ళకి తెలివి తక్కువై కాదు, ఎంచుకున్నది కుదరక.

క్రిప్టిక్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు క్రాస్‌వర్డ్‌లో క్లూ అంటే అర్థమే, అర్థం తెలిస్తే రాస్తాం, తెలియకపోతే వదిలేస్తాం. క్రిప్టిక్ క్లూలో రెండు దారులుంటాయి. వాక్యంలో ఒక చివర జవాబుకి నేరుగా అర్థం ఉంటుంది, మిగిలిన భాగమంతా అదే జవాబుని అక్షరాలతో ఎలా కూర్చాలో చెబుతుంది. రెండూ ఒకే మాట దగ్గర కలవాలి. పైపైన చదివితే కనిపించే కథ మాత్రం మనల్ని దారి తప్పించడానికే. నేనే అల్లిన ఒక చిన్న క్లూ చూడండి: ‘ఆన్ సైడ్ ఫినిష్ ఫర్ టెండూల్కర్, పర్‌హాప్స్ (6)’. చదవగానే సచిన్ లెగ్ సైడ్‌లో ఫోర్ కొట్టి మ్యాచ్ ముగించిన సీన్ కళ్ళముందుకొస్తుంది. ఆ సీన్ మర్చిపోండి. ఆన్ సైడ్ అంటే లెగ్, మూడు అక్షరాలు. ఫినిష్ అంటే ఎండ్, ఇంకో మూడు. పక్కపక్కన పెడితే ‘లెజెండ్’. టెండూల్కర్, పర్‌హాప్స్ అన్నది అర్థం, అంటే టెండూల్కర్ లాంటివాడు అని. ‘ఫర్’ అన్నది రెంటినీ కలిపే మాట. బ్రాకెట్లో ఉన్న 6 జవాబులో అక్షరాల లెక్క. అంతే, ఇందులో మంత్రం ఏమీ లేదు.

పాతకాలం నుంచి చెప్పుకునే రెండు క్లూలు కూడా వినండి, ఆటలో చిలిపితనం ఎలాంటిదో తెలుస్తుంది. హెచ్ నుంచి ఓ దాకా ఇంగ్లిష్ అక్షరాలు వరసగా రాసి (5) అని పెట్టారు. హెచ్ టు ఓ, అంటే వాటర్. ఇంకోదాంట్లో జి, ఇ, జి, ఎస్ అనే నాలుగక్షరాలు మాత్రమే ఉంటాయి, పక్కన (9,4). ఎగ్స్ చెదిరిపోయాయి, కాబట్టి స్క్రాంబుల్డ్ ఎగ్స్. ఈ రెండూ చదివి మీకు నవ్వొస్తే కింద రాసింది మీకోసమే. చిరాకేస్తే సుడోకు ఉంది, హాయిగా వెళ్ళిపోవచ్చు.

ఇక ఎంపిక సంగతి. చాలామంది ఏది కష్టం, ఏది తేలిక అని కొలుస్తారు. నేను చూసేది రెండు విషయాలు. ఒకటి, వారం వారం ఆ గళ్ళని ఒకే మనిషి కూరుస్తున్నాడా లేక నలుగురు వంతులేసుకుంటున్నారా. రెండు, తప్పిన క్లూని తర్వాత విడమరిచి చెప్పే చోటు ఎక్కడైనా ఉందా. సెట్టర్, అంటే గళ్ళు కూర్చే మనిషి, ఒక్కడే అయితే నెల రోజుల్లో ఆయన బుర్ర మనకి పట్టుబడుతుంది. ఆయనకి ఏ మాటలంటే మోజు, అక్షరాలు కలిపేయమని చెప్పడానికి ఎలాంటి మాటలు వాడతాడు, ఎక్కడ అర్థాన్ని దాచుతాడు, అన్నీ అలవాటవుతాయి. సెట్టర్లు మారుతుంటే ప్రతి వారం మళ్ళీ మొదటికే వచ్చినట్టు ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో ఇది పెద్ద తేడా.

ఈ లెక్కలో ఎవ్రీమ్యాన్‌కి పోటీ లేదు. లండన్ ‘ది అబ్జర్వర్’ ఆదివారం పత్రికలో 1945 నుంచి ఈ పేరుతో వస్తోంది. మధ్యలో సెట్టర్లు మారారు గానీ ఒక్కో కాలంలో ఆ పేరు వెనక ఉండేది చాలావరకు ఒక్కరే. పదిహేను అడ్డం, పదిహేను నిలువు ఉన్న మామూలు నల్లగళ్ళ చదరం. జవాబులు చాలావరకు మనం విన్న మాటలే. క్లూలు న్యాయంగా ఉంటాయి, అంటే అర్థం ఒకటి, అక్షరాల ఆట ఒకటి, మధ్యలో చెత్త ఉండదు. ఈమధ్య కాలపు ఎవ్రీమ్యాన్‌కి కొన్ని అలవాట్లు కూడా ఉన్నాయి. ఒక క్లూలో ‘ప్రైమరిలీ’ అన్న మాట కనిపిస్తే ఆ మాటల మొదటి అక్షరాలన్నీ ఏరుకోమని. గళ్ళలో ఎక్కడో ఎదురెదురుగా ప్రాస కలిసే జంట జవాబులు రెండు ఉంటాయి. ఒక క్లూలో తన పేరు తానే చెప్పుకుంటాడు. ఇవి పట్టేస్తే ఖాళీ గళ్ళ ముందు బేలగా కూర్చునే బాధ తప్పుతుంది, ఏదో ఒక మూల నుంచి పని మొదలవుతుంది.

మనవాళ్ళలో చాలామందికి ఎవ్రీమ్యాన్ పేరు తెలియకపోయినా ఆ పజిల్ మాత్రం పరిచయమే. ‘ది హిందూ’ ఆదివారం మ్యాగజైన్‌లో ఏళ్ళ తరబడి వచ్చిన సండే క్రాస్‌వర్డ్ అబ్జర్వర్ నుంచి తెచ్చుకున్న ఎవ్రీమ్యానే. విజయవాడలోనో విశాఖలోనో హిందూ తెప్పించుకునే ఇంట్లో, పెద్దాయన మధ్యాహ్నం భోజనం చేసి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే ఎవరూ పలకరించకూడదన్న రూల్ ఒకటి నడిచేది, గుర్తున్నవాళ్ళకి గుర్తుంటుంది. అదే పేపర్లో మామూలు రోజుల్లో వచ్చే క్రిప్టిక్ వేరు, దాన్ని మన దేశం సెట్టర్లే రాస్తారు. గ్రిడ్‌మాన్, ఆర్డెన్, బజర్, ఇన్‌కాగ్నిటో లాంటి మారుపేర్లతో ఒక్కొక్కరు కొన్ని రోజులు చొప్పున. అక్కడ లండన్ సబర్బ్ పేరు తెలియాల్సిన అవసరం తక్కువ. కాబట్టి ఆదివారానికి ఎవ్రీమ్యాన్, వారంలో చేయి ఊరుకోకపోతే హిందూ డైలీ, ఈ జోడీ మనవాళ్ళకి బాగా కుదురుతుంది. డైలీలో సెట్టర్లు మారుతుంటారు కదా, కాబట్టి మొదట్లో ఒక్క సెట్టర్ రోజులే ఎంచుకుని చేయండి.

ఎవ్రీమ్యాన్ కూడా కష్టంగా ఉందంటే సిగ్గుపడక్కర్లేదు, దానికంటే ముందు మెట్టు కూడా ఉంది. గార్డియన్ పత్రిక కొత్తవాళ్ళ కోసమే వారానికోసారి ‘క్విప్టిక్’ పెడుతుంది. 2024లో ‘క్విక్ క్రిప్టిక్’ అని ఇంకోటి కూడా మొదలుపెట్టారు, అందులో వాడిన కిటుకులు కొన్నే, అవేమిటో పైనే చెప్పేస్తారు. ఓ రెండు నెలలు దాన్ని చేసి అప్పుడు ఎవ్రీమ్యాన్‌కి వస్తే దారి చాలా సాఫీగా ఉంటుంది.

సండే టైమ్స్ క్రిప్టిక్ గురించి నాకు మంచి అభిప్రాయమే ఉంది, కానీ కొత్తవాళ్ళకి చెప్పను. చదరం అదే సైజు. క్లూలు నాజూగ్గా ఉంటాయి, పైపై వాక్యం నిజంగా పత్రికలో వార్తలాగే చదువుకోవచ్చు, అర్థం ఎక్కడుందో కనిపెట్టడమే పెద్ద పని. సెట్టర్లు వంతులవారీగా మారతారు. పైగా బ్రిటిష్ జీవితం తెలిసుండాలి, అంటే నౌకాదళం, చర్చి, పబ్బు, పాత బడుల పేర్లు. సెయిలర్ అని కనిపిస్తే ‘ఏబీ’ అనో ‘టార్’ అనో తట్టాలి. రివర్ అంటే ‘డీ’ నది, మోడల్ అంటే పాత ఫోర్డ్ కారు ‘టి’, వర్కర్ అంటే చీమో తేనెటీగో. ఫ్లవర్ అంటే పువ్వు అనుకుంటే గోవిందా, ‘ఫ్లో’ అయ్యేది, అంటే పారేది అని చదివి నది పేరు రాయాలి. క్రికెట్ చూసేవాళ్ళకి మాత్రం ఇక్కడ ఒక లాభం ఉంది. మెయిడెన్ అంటే ఎం, డక్ అంటే ఓ, బౌల్డ్ అంటే బి. ఇవి అమెరికావాడికి ఎవరో చెప్పాలి, మనకి చెప్పక్కర్లేదు. ఇంకో విషయం, సండే టైమ్స్ పజిల్ చందా గోడ వెనక ఉంటుంది, క్రాస్‌వర్డ్ కోసం మాత్రమే అయితే ఆ డబ్బు నాకైతే దండగే. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉండి ఎలాగూ పేపర్ కొనేవాళ్ళ సంగతి వేరు.

ఇప్పుడు అసలు పెద్దపులుల దగ్గరికి వద్దాం. ఏజెడ్, మెఫిస్టో. వీటిలో నల్లగళ్ళు ఉండవు. గళ్ళ మధ్య లావుపాటి గీతలతో మాటలని విడదీస్తారు. దానివల్ల చాలావరకు అక్షరాలు అడ్డం మాటలోనూ ఉంటాయి, నిలువు మాటలోనూ ఉంటాయి. మాటలు ఎంత వింతవో సాయం కూడా అంత దొరుకుతుందన్నమాట. మామూలు చదరంలో సుమారు సగం అక్షరాలకే ఆ సాయం ఉంటుంది. ఇది తెలియక చాలామంది ఏజెడ్ చూడగానే పారిపోతారు. అయినా సరే, క్రిప్టిక్ నేర్చుకోవడానికి ఏజెడ్‌తో మొదలుపెట్టడం ఈత రానివాణ్ణి వరద గోదావరిలో దింపడమే. జవాబుల్లో స్కాట్లాండ్ యాస మాటలు, పాత ఇంగ్లిష్ కవి స్పెన్సర్ కాలం నాటి స్పెల్లింగులు, ఎవరూ చూడని మొక్కల పేర్లు మామూలుగా వస్తాయి. ఛాంబర్స్ డిక్షనరీ దగ్గర ఉండాలన్నది ఇక్కడ నియమం లాంటిదే, అది చూస్తే చీటింగ్ అనేవాళ్ళు ఎవరూ లేరు. ముందు అక్షరాల ఆటతో మాట కట్టి, అలాంటి మాట నిజంగా ఉందా అని డిక్షనరీలో వెతకడం, ఇదీ ఇక్కడి పద్ధతి. తెలిసిన మాట గుర్తుకు తెచ్చుకోవడం కాదు, తెలియని మాటని లెక్కగట్టి కనుక్కోవడం. నాకు వ్యక్తిగతంగా ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళకి ఇది ఒక రకంగా న్యాయమైన ఆట అనిపిస్తుంది, ఎందుకంటే ఆ మాటలు ఇంగ్లండ్‌లో పుట్టినవాడికీ తెలియవు, మనకీ తెలియవు.

ఏజెడ్ వెనక చరిత్ర కూడా రుచికరమైనదే. అబ్జర్వర్‌లో 1926లో ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్ ‘టార్కెమాడా’ పేరుతో ఈ వరస మొదలుపెట్టారు. ఆయన 1939లో పోయాక డెరిక్ మెక్‌నట్ అనే బడి మాస్టారు ‘జిమెనీజ్’ పేరుతో అందుకున్నారు. 1972లో జొనాథన్ క్రౌథర్ ‘ఏజెడ్’ అయ్యారు, 2025లో విరమించారు, కాబట్టి ఇప్పుడు దొరికేవి పాత ఏజెడ్‌లే. మొదటి రెండూ స్పెయిన్‌లో మతవిచారణ జరిపి జనాన్ని హింసించిన పెద్దల పేర్లు. మూడోదాన్ని వెనక నుంచి చదివితే డేజా, ఆయనా ఆ గుంపువాడే. పైగా ఏ నుంచి జెడ్ దాకా అన్న అర్థం కూడా వచ్చింది. క్లూ ఎంత మెలితిరిగినా కచ్చితంగా ఉండాలి, అనవసరమైన మాట ఒక్కటీ ఉండకూడదు అన్న పట్టుదల జిమెనీజ్ నుంచి వచ్చిందే. నెలకోసారి పాఠకులే క్లూ రాసి పంపే పోటీ కూడా నడిచింది. ఇప్పటి ఎవ్రీమ్యాన్ చేసేవాళ్ళు కూడా ఆ క్రమశిక్షణ ఫలాన్నే తింటున్నారు.

మెఫిస్టో సండే టైమ్స్‌లో వచ్చేది. గీతల చదరమే, ఛాంబర్సే. సెట్టర్లు ఒకరికన్నా ఎక్కువమంది. రెంటిలో ఒకటి అంటే నేను ఏజెడ్ పాత సంచికలవైపే మొగ్గుతాను, కారణం పైన చెప్పిందే, మొత్తం ఒకే బుర్ర.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు తరచుగా పొరబడే సంగతి ఒకటి. అక్కడ సండే క్రాస్‌వర్డ్ అంటే న్యూయార్క్ టైమ్స్‌దే. అది క్రిప్టిక్ కాదు. ఇరవై ఒకటి అడ్డం ఇరవై ఒకటి నిలువు ఉండే పెద్ద చదరం, ఒక థీమ్, అమెరికన్ టీవీ, బేస్‌బాల్, బ్రాండ్ల పేర్లు. చాలా బాగుంటుంది, కానీ వేరే ఆట. క్రాస్‌వర్డ్ అన్నదే ఆదివారం పత్రికలో పుట్టింది, 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనుబంధంలో ఆర్థర్ విన్ పెట్టాడు. అయినా న్యూయార్క్ టైమ్స్ మాత్రం ఇది పిచ్చి అని మొదట్లో సంపాదకీయం రాసి, చివరికి 1942 ఫిబ్రవరిలో తానూ మొదలుపెట్టింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక మన తెలుగు గళ్ళు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కూర్చిన భాష ఇది, కాబట్టి మనకి క్రిప్టిక్ బుద్ధి లేదనడానికి వీల్లేదు. కానీ ఇవాళ ఆదివారం అనుబంధాల్లో వచ్చేవాటిలో ఎక్కువ ఆధారాలు పర్యాయపదాలూ, సినిమా పేర్లూ, పురాణ పాత్రలే. మధ్యలో అక్కడక్కడా అక్షరాల ఆట తగులుతుంది. మీకు కావల్సింది అదే అయితే కాస్త ఓపిగ్గా ఏరుకోవాలి.

తెలుగులో క్రిప్టిక్ ఎలా కుదురుతుందో చూపించడానికి మూడు ఆధారాలు అల్లాను. ‘తారుమారు వలన పుట్టిన కథ (3)’. గందరగోళం మూలంగా కథ పుట్టిందని చదువుతాం. కానీ ‘వలన’ అన్న మూడక్షరాలనే తారుమారు చేయమంటోంది, జవాబు నవల. రెండోది, ‘నీ తపన సరే, లోపల పండు ఏది? (3)’. తపన సరే అన్నదాంట్లో మధ్యనే పనస కూర్చుని ఉంది. మూడోది తేలిక, ‘ఎటునుంచి వచ్చినా ఆ తెనాలివాడే (5)’. వికటకవి, ఇది రాయకుండా తెలుగు గళ్ళ గురించి ఎవరూ రాయలేరు.

అయితే తెలుగులో ఒక చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో గడికి ఒక అక్షరం అంటే ఇరవై ఆరింటిలో ఒకటి. మనకి గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి ఒకే గడిలో కూర్చోవాలి. ‘క’ ఉన్న గడిలో అడ్డం మాటకి ‘కా’ కావాలంటే కుదరదు. అందుకే కూర్చేవాళ్ళకి గళ్ళు కలపడం కష్టమవుతుంది, కొన్నిసార్లు జవాబుని తిరగేసి గళ్ళలో రాయించేస్తారు. ‘తిరగబడింది’, ‘కింది నుంచి పైకి’, ‘చెదిరింది’ అని ఆధారం పక్కన ఉంటే గళ్ళలో రాయాల్సిందే అలా తిరగబడిన రూపం. ఇంగ్లిష్ క్రిప్టిక్‌లో దీనికి పూర్తిగా ఉల్టా. తిప్పడం, కలపడం అంతా క్లూ లోపలే జరుగుతుంది, గళ్ళలోకి వెళ్ళేది మామూలుగా నిఖార్సైన మాటే. తెలుగు గళ్ళు నింపి నింపి ఇంగ్లిష్‌కి వచ్చేవాళ్ళు ఇక్కడే తడబడతారు, అక్కణ్ణుంచి ఇటు వచ్చేవాళ్ళూ అంతే. రెండూ చేస్తానంటే చేయండి, రెండు రూల్స్ అని గుర్తుపెట్టుకుని చేయండి. తెలుగుకి మాటలు వెతకాలంటే ఆంధ్రభారతి సైట్ చాలు, సూర్యరాయాంధ్ర నిఘంటువు, శబ్దరత్నాకరం, బ్రౌన్ అన్నీ ఒక్కచోటే వెతకొచ్చు.

కాగితమా, ఫోనా అన్న ప్రశ్నకి నా ఓటు కాగితానికే. ఫోన్లో ‘చెక్’ బటన్ ఉంటుంది, అది ఉన్నంతకాలం చేయి దానిమీదికే పోతుంది, సగం ఊహతో అక్షరం పెట్టడం, ఎర్రబడితే ఇంకోటి పెట్టడం, చివరికి చదరం నిండుతుంది గానీ ఒక్క క్లూ కూడా అర్థమై ఉండదు. ప్రింట్ తీసుకోండి. అక్షరాలు కలపాల్సిన క్లూ వస్తే వాటిని వరసగా రాయకుండా గుండ్రంగా చుట్టూ రాయండి, కన్ను పాత మాట చదవడం మానేస్తుంది. క్లూలో మొదటి మాట, చివరి మాట, ఈ రెండు చివర్లలోనే అర్థం ఉంటుందని గట్టిగా నమ్మి ముందు వాటినే చూడండి. రాని క్లూలని బుధవారం దాకా పక్కన పెట్టండి. ఆదివారం ఎంత గింజుకున్నా రానిది సోమవారం బస్సులో ఊరికే తట్టడం ఈ ఆటలో మామూలే, వారపు పజిల్‌కి ఉన్న సుఖమే అది.

రానివాటికి వివరణ కావాలంటే గార్డియన్, ఎవ్రీమ్యాన్, ఏజెడ్‌లకి ‘ఫిఫ్టీన్‌స్క్వేర్డ్’, సండే టైమ్స్, మెఫిస్టోలకి ‘టైమ్స్ ఫర్ ద టైమ్స్’ అనే బ్లాగులు ఉన్నాయి. ప్రతి క్లూనీ ముక్కలు చేసి చూపిస్తారు. జవాబులు పంపితే బహుమతి ఇచ్చే ప్రైజ్ పజిల్ అయితే గడువు దాటాకే పెడతారు. జవాబు చూసి వదిలేయకుండా అర్థం ఏ చివర ఉంది, మిగతాది ఎలా కూర్చారు అని ఒక్కసారి పెన్సిల్‌తో గీత గీసి విడదీసుకోండి.

ఎవ్రీమ్యాన్ మూడు నాలుగు వారాలు వరసగా బుధవారంలోపు పూర్తవుతోందంటే అప్పుడు పాత ఏజెడ్ ఒకటి ప్రింట్ తీయండి. ప్లేఫెయిర్, ప్రింటర్స్ డెవిల్రీ లాంటి ప్రత్యేక రకాల పేర్లు పైన ఉంటే వాటిని ఇప్పుడే వద్దనుకుని, ‘ప్లెయిన్’ అని ఉన్నదే ఏరుకోండి. ఛాంబర్స్ యాప్ కొనుక్కోవచ్చు, సెకండ్‌హ్యాండ్ పుస్తకం దొరికితే పాత ముద్రణైనా పనికొస్తుంది. మొదటిసారి చదరంలో మూడోవంతు నిండితే చాలా బాగా చేసినట్టే.